ఎవరి బిడ్డ అని అడిగేవాళ్ళకి

పుట్టిన బిడ్డని చూడగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట 'ఆడా, మగా?' రెండో మాట 'ఎవరి బిడ్డ?' మొదటిదానికి బిడ్డ ఒళ్ళే జవాబు చెప్పుద్ది. రెండోదానికి తల్లో తండ్రో పక్కనుండి చెప్పాలి. చెప్పేవాళ్ళే లేని బిడ్డ మాటేంటి? దళితులుగా, ఉద్యమాల్లో తిరిగినవాళ్ళుగా, చదువుకుంటున్నవాళ్ళుగా మనం ఈ ప్రశ్నని మన ప్రశ్న అనుకున్నామా? నేను చూసినంతలో అనుకోలేదు. అనాథపిల్లల సంగతి పుణ్యం మూటగట్టుకునేవాళ్ళకి వదిలేశాం. పుట్టినరోజు నాడు ఆశ్రమానికెళ్ళి అరటిపళ్ళు పంచి ఫొటో దిగేవాళ్ళకి వదిలేశాం.

'ఎవరి బిడ్డ' అనే మాటలో ఆప్యాయత అసలే లేదని నేననను. కానీ దాని వెనకాల ఇంకో మాట నక్కి ఉంటది. ఏ కులం బిడ్డ? మాలపల్లెలో పుట్టినవాడికి ఈ నక్కిన మాట ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఊళ్ళోకి పోతే 'ఎవరబ్బాయివిరా' అనేవాళ్ళు. మా నాన్న పేరు చెప్తే వాళ్ళకి చాలేది కాదు. పల్లె వైపు చెయ్యి చూపిస్తే చాలేది.

మన పురాణాలు దొరికిన బిడ్డల కథలు రెండు చెప్పాయి. నాగేటి చాల్లో సీత దొరికింది. ఎవరు కన్నారో తెలీదు. జనకుడు ఇంటికి తీసుకుపోయాడు, రాచబిడ్డ అయింది, అయోనిజ అన్నారు, దేవతని చేశారు. నదిలో కొట్టుకొచ్చిన పెట్టెలో కర్ణుడు దొరికాడు. రథం తోలుకునేవాడు తీసుకుపోయాడు. విద్య చూపించే చోట అందరి ముందూ నిలబెట్టి నీ వంశమేంటని అడిగారు. ఇద్దరూ దొరికిన బిడ్డలే. ఒకరు రాజు ఇంటికి చేరారు, ఒకరు సారథి ఇంటికి చేరారు, అంతే తేడా. అంటే బిడ్డ ఎవరికి పుట్టిందన్న దానికంటే ఎవరి గుమ్మం ఎక్కిందన్నదే ఈ సమాజం చూసింది. అదే కర్ణుడు, కన్నతల్లి వచ్చి నేనే నీ తల్లినని చెప్పినా, నన్ను పెంచిన రాధే నా తల్లి అన్నాడు. మన పౌరాణికులు కర్ణుడి దానం గురించి గంటలు గంటలు చెప్తారు గానీ పెంచిన తల్లి కోసం అతను నిలబడిన సంగతి అంత గట్టిగా చెప్పగా నేను వినలేదు.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లోకే నడిచొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు 10,000 మంది పోయారని లెక్క. పశువులకి లెక్కే లేదు. నాకు అప్పుడు పదేళ్ళు. మా పల్లె కొంచెం లోపలికి ఉండబట్టి మేం మిగిలాం. నీళ్ళు తీశాక శవాలు ఎత్తే పనికి మా నాన్న పోయాడు. ఆ పని ఎవరు చేస్తారో మీకు తెలుసు. అక్కడ కట్ట మీద కూచుని ఉన్న ఒక ఆడపిల్లని ఎత్తుకొచ్చి మా అమ్మ ఒళ్ళో వేశాడు. మూడేళ్ళు ఉంటాయేమో. కోతలకి వచ్చిన కూలీల బిడ్డ అన్నారు. మాట యాస మాది కాదు, శ్రీకాకుళం వైపుది అని కొందరన్నారు. ఆ గుంపులో మిగిలినవాళ్ళు ఎవరూ కనపళ్ళేదు. మా నాన్న నెలరోజులు సహాయ శిబిరాలన్నీ తిరిగి అడిగాడు. బిడ్డ కోసం ఎవరూ రాలేదు.

సాయం పంచటానికి మనుషుల లెక్క రాసుకునే రోజున కరణం మా పల్లెకి వచ్చాడు. మా అమ్మ చంకలో పిల్లని చూశాడు.

'ఏమే, ఆ పిల్ల ఎవరి పిల్ల? ఎవరి కింద రాయాలి?'

'నా కింద రాయండయ్యా.'

'ఏ కులందో ఏందో తెలీకుండానే?'

'ఉప్పెన అడిగిందా అయ్యా, కులం?'

మా అమ్మకి చదువు లేదు. ఆ మాట అనటానికి ఆమెకి ఏ సిద్ధాంతమూ అక్కర్లేకపోయింది. అయితే నేను పెద్దయ్యాక ఆ మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. ఉప్పెన కూడా ఒకరకంగా కులం అడిగింది. డాబాలు ఎక్కినవాళ్ళు మిగిలారు. పల్లంలో మట్టిగోడల గుడిసెల్లో ఉన్నవాళ్ళు కొట్టుకుపోయారు. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరి పొలాల్లో పాక వేసుకున్న కూలీలకి ఎక్కటానికి డాబా ఎక్కడిది? అనాథ అనేవాడు ఆకాశం నుంచి ఊడిపడడు. అనాథని ఈ సమాజమే తయారుచేస్తది, తరవాత 'పాపం' అని జాలిపడతది.

నిజం చెప్పాలంటే కరణం ఒక్కడే అడగలేదు. మా పల్లెలోనే ఒక పెద్దాయన మా నాన్నని పక్కకి పిలిచి, 'మనోళ్ళ పిల్లేనా? మాదిగ బిడ్డేమో కనుక్కున్నావా?' అన్నాడు. మా నాన్న ఏమీ అనకుండా చుట్ట వెలిగించుకుని వచ్చేశాడు. పైవాడు మనల్ని అడిగిన మాటే మనం కిందకి తిరిగి ఇంకొకరిని అడుగుతాం. కులం అట్లాంటిది. ఈ సంగతి దాచిపెట్టి నేను వ్యాసం రాయలేను.

చెల్లి మా ఇంట్లో పెరిగింది. మేం క్రైస్తవులం. చర్చి అయ్యగారు బాప్తిస్మం పుస్తకంలో మా అమ్మానాన్నల పేర్లే రాశారు. బళ్ళో మాత్రం అట్లా జరగలేదు. తండ్రి పేరు రాసే చోట హెడ్మాస్టరు 'సంరక్షకుడు' అని రాసి మా నాన్న పేరు పెట్టాడు. కులం రాసే చోట ఒక గీత గీశాడు. ఆ గీత అదే పేజీలో ఆగిపోతే బాగుండేది. పదో తరగతి పాసయ్యాక నర్సు చదువు చదువుతానంది చెల్లి. స్కాలర్‌షిప్పుకి కులపత్రం కావాలి. మండలాఫీసుకి పోతే కన్నవాళ్ళ కులం రుజువు చూపించమన్నారు. ఉప్పెనలో పోయిన మనుషులు కులపత్రం ఎట్లా తెస్తారు? ఆ గీత దగ్గరే చెల్లి చదువు ఆగింది. తరవాత అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. ఊళ్ళో పిల్లలందరికీ అన్నం పెట్టింది.

2011లో మా అమ్మ పోయింది. కుటుంబ సభ్యుల పత్రం కోసం అర్జీ పెట్టాను. అందులో నా పేరు, చెల్లి పేరు రాశాను. పత్రం చేతికొచ్చేసరికి ఒకే పేరు ఉంది. ఆఫీసులో అడిగితే, 'దత్తత కాగితం ఉందా?' అన్నారు. మాలాంటి క్రైస్తవులకి ఆ రోజుల్లో దత్తత చట్టమే లేదండీ అన్నాను. 'అయితే లేనట్టే గదా' అన్నారు. ముప్పైనాలుగేళ్ళు అమ్మా అని పిలిచిన బిడ్డ ఒక్క మాటతో లేనట్టు అయిపోయింది. మా అమ్మ ముందుచూపున్న మనిషి. వేలిముద్ర వేసి వీలునామా రాయించి పెట్టింది కాబట్టి ఇంట్లో సగం చెల్లికి దక్కింది. కాగితంలో కూతురు అన్న మాట మాత్రం దక్కలేదు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి, ఓపికతో చదవండి. పాత శాస్త్రంలో దత్తత అంటే పిండం పెట్టే కొడుకు కోసం, ఆస్తికి వారసుడి కోసం. దత్తపుత్రుడు సొంత కొడుక్కి నీడలా ఉండాలన్నారు కాబట్టి అదే కులం వాడై ఉండాలి. ఆడపిల్లని దత్తత చేసుకోవటం లేదు. నరకం తప్పించుకోవటానికి తండ్రికి కొడుకు కావాలి. బిడ్డకి ఒక ఇల్లు కావాలన్న ఆలోచన ఆ లెక్కలో ఎక్కడా లేదు. మా పల్లెల్లో పంచటానికి ఆస్తీ లేదు, మంత్రం చదవటానికి బాపనయ్యా రాడు. అయినా పెంపకాలు ఉన్నాయి. తల్లి పోయిన బిడ్డని పక్కింటామె తన బిడ్డతో పాటు పాలిచ్చి పెంచింది. 'పెంచుకున్నాం' అన్నారే గానీ 'దత్తు తీసుకున్నాం' అనలేదు. ఆ పెంపకానికి రాతకోతలు లేకపోవటమే దాని గొప్ప, అదే దాని బలహీనత. చెల్లి విషయంలో ఆ రెండూ నేను చూశాను.

అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు కోసం కొట్లాడి 1951లో మంత్రి పదవి వదులుకున్నాడని మనం ప్రతి సభలో చెప్తాం. స్త్రీల ఆస్తి హక్కు, విడాకులు, ఒకే భార్య అని వరసగా చెప్తాం. ఆ బిల్లు ఉద్దేశాల్లో ఇంకోటి ఉంది. పెళ్ళిలో, దత్తతలో కులం అడ్డుని తీసేయటం. పెళ్ళి పక్కనే దత్తతని కూడా పెట్టాడాయన. మనం పెళ్ళి మాట గుర్తుపెట్టుకున్నాం, దత్తత మాట మర్చిపోయాం. కులాంతర వివాహాల గురించి కరపత్రాలు వేశాం, స్టేజీల మీద దండలు మార్పించాం, చంపుతామని వచ్చినవాళ్ళకి అడ్డం నిలబడ్డాం. కులాంతర దత్తత గురించి ఒక్క కరపత్రం వేశామా? పెళ్ళిలో ఇద్దరు పెద్దవాళ్ళు, తెలిసిన రెండు కులాలు. దత్తతలో కులమే తెలియని బిడ్డని తెచ్చి 'నా బిడ్డ' అనాలి. కులాన్ని దాటటం కంటే కులం అడక్కుండా ఉండటం ఇంకా కష్టం. మన మాట ఎంత నిజమో తేలేది అక్కడే.

ఆ బిల్లుని ముక్కలు చేసి చట్టాలు తెచ్చినప్పుడు 1956లో దత్తత చట్టం వచ్చింది. కులం అడ్డు పోయింది. ఆడపిల్లని దత్తత చేసుకోవచ్చు. దత్తహోమం తప్పనిసరి కాదన్నారు. కానీ ఆ చట్టం హిందువులకి, బౌద్ధులకి, జైనులకి, సిక్కులకి మాత్రమే. ఏసుని నమ్మిన మాల మాదిగలకి, ముస్లింలకి లేదు. వాళ్ళకి 1890 నాటి సంరక్షకుల చట్టమే దిక్కు. అందులో సంరక్షకుడివి అవుతావు గానీ తండ్రివి కావు. బిడ్డ పెద్దదై మైనారిటీ తీరితే ఆ కాస్త సంబంధమూ చట్టం కంట్లో తెగిపోద్ది. అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో ఒకసారి, 1980లో ఇంకోసారి పార్లమెంటుకి వచ్చింది. రెండుసార్లూ చట్టం కాలేదు. మతపెద్దలు, నాయకులు తర్జనభర్జనలు పడుతుంటే మా చెల్లి 'సంరక్షకుడు' అన్న మాట కింద పెరిగి పెద్దదయింది. 2000లో వచ్చిన బాలల న్యాయచట్టం, దానికి 2006లో చేసిన సవరణ ఈ తలుపు తెరిచాయి. ఏ మతం వాళ్ళయినా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి చట్టం. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు.

ఇక ఇవాళ్టి సంగతి. కేంద్ర దత్తత సంస్థ 'కారా' దగ్గర పేరు రాయించుకుని వరసలో ఉన్న తల్లిదండ్రులు 30,000 మందికి పైనే. మూడేళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా ఎదురుచూస్తున్నారు. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. ఇన్ని జరగటమే గొప్ప అని పత్రికలు రాశాయి. ఇంతమంది తల్లిదండ్రులు వరసలో ఉంటే పిల్లలెవరూ మిగలకూడదు గదా? మిగులుతున్నారు. ఎవరు వాళ్ళు? ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు, పదేళ్ళు దాటినవాళ్ళు. విడదీయకూడని అక్కాతమ్ముళ్ళు. చూపు లేనివాళ్ళు, నడవలేనివాళ్ళు, మందులు వాడాల్సినవాళ్ళు. వరసలో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది రెండేళ్ళలోపు, ఏ లోపమూ లేని బిడ్డ. బిడ్డ కులం ఎంచుకునే వీలు ఆ వరసలో లేదు. అయినా ఒంటి రంగు చూసి, ముక్కు తీరు చూసి కులం అంచనా కట్టేవాళ్ళకి మన దేశంలో కొదవా? తీసుకుపోయి, 'మాతో కలవట్లేదు' అని తిరిగి తెచ్చి అప్పజెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. బిడ్డ ఏమన్నా అంగడి సరుకా?

ఆ వరసలోకి కూడా రాని పిల్లలు ఇంకా ఎక్కువమంది. నేను ముప్పై ఏళ్ళు పంతులుగా చేశాను, అందులో చాలాకాలం హాస్టలున్న బళ్ళల్లో. సంక్రాంతి సెలవులిస్తే గేటు దగ్గర అమ్మలు, నాయనలు, మేనమామలు. పిల్లలు పెట్టెలు పట్టుకుని పరుగులు. సాయంత్రానికి హాస్టలంతా ఖాళీ. ఒక ఏడు ఆఖరికి ముగ్గురు మిగిలారు. వాళ్ళల్లో ఒక పిల్లోడు పెట్టె సర్దుకుని గేటు పక్కన అరుగు మీద కూచున్నాడు. 'ఎవరొస్తార్రా నీ కోసం?' అన్నాను. 'ఎవురూ రారు సార్. ఊరికే సర్దుకున్నా' అన్నాడు. వాడి రికార్డులో 'బంధువులు ఉన్నారు' అని రాసి ఉంది. ఎవరో బాబాయి ఏళ్ళకిందట ఒక్కసారి వచ్చి చేర్చిపోయాడు. ఆ ఒక్క మాట వల్ల వాడు అనాథ కాడు, అట్లాగని ఎవరి బిడ్డా కాడు. ఇట్లాంటి పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టి, విచారణ చేయించి, ఎవరూ లేరని తేలితే దత్తతకి అర్హులని రాయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకి రెండు నెలల్లో, అంతకంటే పెద్ద బిడ్డకి నాలుగు నెలల్లో ఇది తేల్చాలని చట్టం. తేల్చేవాడు లేకపోతే ఆ బిడ్డ పద్దెనిమిదేళ్ళు నిండేదాకా హోములోనే ఉండి, ఒక రోజు పెట్టె పట్టుకుని రోడ్డు మీదకి వస్తాడు. ఎవరూ చెడ్డపని చెయ్యక్కర్లేదు. కాగితం కదలకపోతే చాలు, ఒక బాల్యం అయిపోద్ది.

ఇంకో వైపు కూడా చూడాలి, లేకపోతే దత్తత మాట పేదతల్లి మెడకి ఉరి అవుద్ది. 1999లో, మళ్ళీ 2001లో నల్లగొండ, మహబూబ్‌నగర్ లంబాడీ తండాల నుంచి పసిబిడ్డల్ని, అందులో ఎక్కువగా ఆడబిడ్డల్ని, కొద్ది డబ్బుకి కొని హైదరాబాదులో దత్తత సంస్థలకి చేర్చిన సంగతి బయటపడింది. తల్లి చేతిలో వందలు, మధ్యవాడి చేతిలో వేలు, బిడ్డ దేశాలు దాటేసరికి లక్షలు. ఆ తల్లులు కసాయివాళ్ళని పత్రికల్లో రాసినవాళ్ళు కూడా ఉన్నారు. కరువులో భూమి ఎండి, వలస పోతే పని దొరక్క, మూడో ఆడపిల్ల పుడితే అత్తింట్లో తన్నులు తినే తల్లిని కసాయిది అనటం ఎంత తేలిక! ఆ బిడ్డకి కావలసింది దత్తత కాదు. ఆ తల్లికి బియ్యం కావాలి, పని కావాలి, మందు కావాలి. కన్నతల్లి పెంచగలిగేటట్టు చెయ్యటం మొదటి ధర్మం. తల్లి తానే బిడ్డని అప్పజెప్పినా, రెండు నెలల్లోపు మనసు మార్చుకుని వెనక్కి తీసుకునే హక్కు చట్టం ఆమెకి ఇచ్చింది. ఆ సంగతి తండాల్లో, పల్లెల్లో ఎంతమంది తల్లులకి తెలుసు? చెప్పాల్సింది మనం కాదా?

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్తున్నా. 1977లో మా నాన్న చేసినట్టు ఇవాళ ఎవరూ చెయ్యకూడదు. దొరికిన బిడ్డని నేరుగా ఇంటికి తెచ్చుకుంటే ఆ బిడ్డ కోసం వెతుక్కునే తల్లి ఎక్కడో ఉండొచ్చు. మధ్యలో బిడ్డల బేరగాడు దూరొచ్చు. 24 గంటల్లోపు 1098కి ఫోను చేసో, పోలీసుకో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. ఆసుపత్రి ఆయా చేతిలో డబ్బు పెట్టి బిడ్డని తెచ్చుకోవటం, 'మా తెలిసినామె ఇచ్చింది' అని వందరూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకోవటం నేరం. ఎంతో ప్రేమతో తెచ్చుకున్నా సరే, రేపు ఆ బిడ్డకి మా చెల్లికి జరిగిందే జరుగుద్ది. కాగితం దగ్గర లేనట్టు అవుద్ది. ప్రేమకి కాగితం ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. కాగితం లేక భూమి పోగొట్టుకున్నోళ్ళం, కాగితం లేక చదువు పోగొట్టుకున్నోళ్ళం మనం. ఆ మాట మనం అనలేం.

మా మధ్య నడిచిన ఒక సంభాషణ ఇక్కడ రాయాలి. నా దగ్గర చదువుకున్న పిల్లోడు, అతని భార్య, ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ ఉద్యోగస్తులు. క్రిస్మస్‌కి మా ఇంటికి వచ్చారు. దత్తత వరసలో మూడేళ్ళ నుంచి ఉన్నారంట.

'ఎంత వయసు రాశారమ్మా?' అని అడిగాను.

'రెండేళ్ళలోపు సార్. పెద్దపిల్లలయితే పాత సంగతులు గుర్తుంటాయి గదా. మనల్ని అమ్మానాన్నా అనుకుంటారా?'

పక్కన చెల్లి కూచుని ఉంది. నన్ను మాట్లాడనివ్వలేదు.

'నాకు ఆయమ్మ గుర్తే పాపా. మొకం గుర్తు లేదు గానీ చీర గుర్తు, చేతి గాజుల చప్పుడు గుర్తు. మా అమ్మ ఏనాడూ మర్చిపోవే అన్లేదు. ఏటా ఉప్పెన రోజున కొవ్వొత్తి వెలిగించి, ఇది మీ పెద్దమ్మకి అనేది. ఇద్దరు తల్లులున్నారని నేను ఎవర్నీ తక్కువ చూళ్ళేదు. నువ్వు ఆ బిడ్డ దగ్గర ఏం తీసేసుకోవాలని చూస్తన్నావు? గుర్తుంటే ఉండనీ.'

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఇద్దరూ ఏం నిర్ణయించుకున్నారో అది వాళ్ళు చెప్పుకోవాల్సిన సంగతి. నేను మాత్రం ఆ రోజు నుంచి 'పెద్దపిల్లలు అలవాటు పడరు' అన్న మాట వింటే ఊరుకోవట్లేదు. అయిదేళ్ళు నిండిన బిడ్డయితే బిడ్డ ఇష్టం కూడా అడగాలని నిబంధన. అంటే మనం బిడ్డని ఎంచుకోవటమే కాదు, బిడ్డ మనల్ని ఒప్పుకోవాలి. దాతలం అనుకుని పోయేవాళ్ళకి ఇది మింగుడుపడదు. తల్లిదండ్రులవుదామని పోయేవాళ్ళకి ఇది న్యాయంగానే ఉంటది.

మిత్రుల్లో కొందరు నన్ను సూటిగానే అడిగారు. 'మనకే తిండి చాలక చస్తుంటే ఊళ్ళో పిల్లల్ని మనం పెంచాలా? మన మీద ఇంకో బరువా?' ఈ ప్రశ్నని నేను తీసిపారెయ్యను. త్యాగాలు ఎప్పుడూ కిందివాళ్ళనే చెయ్యమంటారు. పైగా ఆ పిల్లల్ని అనాథల్ని చేసిన దోపిడీలో మన చెయ్యి లేదు. అందరూ దత్తత తీసుకోవాలని నేను అనట్లేదు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు, శక్తి ఉన్నవాళ్ళు మనలోనూ ఇప్పుడు ఉన్నారు. రిజర్వేషన్లతో ఉద్యోగాలొచ్చిన తరం, వాళ్ళ పిల్లల తరం ఉంది. పిల్లలు లేక లక్షలు పోసి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న దళిత దంపతుల్ని నేనెరుగుదును. పెళ్ళి వద్దనుకుని ఉద్యమంలో ఉండిపోయిన ఆడవాళ్ళని ఎరుగుదును. ఒంటరి స్త్రీ ఆడబిడ్డనైనా మగబిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి మగవాడు మగబిడ్డని మాత్రమే. సొంత మేడ ఉండాలని చట్టంలో లేదు. బిడ్డని పోషించగల స్థోమత, ఆరోగ్యం, మనసు ఉంటే చాలు. మన ఇల్లు దత్తతకి పనికిరాదని మనకి మనమే ఎందుకు అనుకోవాలి? ఇన్నాళ్ళూ వాళ్ళు మనల్ని అన్న మాట అదే గదా.

ఇంకొందరు, 'ఆ బిడ్డ అగ్రకులం బిడ్డయితే?' అన్నారు. అయితే ఏం? అగ్రకులం అనేది రక్తంలో ఉండేదని మనం నమ్ముతున్నామా? నమ్మితే మనువు గెలిచినట్టే. ఆ బిడ్డ మన పల్లెలో మన కూడు తిని మన అవమానం పడి పెరిగితే ఆ బిడ్డది మన బతుకే. రిజర్వేషన్ సంగతి వేరు, అది బిడ్డ ఏ బతుకు బతికిందన్నదాన్ని చూసి ప్రభుత్వం తేల్చాల్సిన విషయం. తెలంగాణలో అనాథపిల్లల్ని బి.సి.-ఎ జాబితాలో చేర్చారు. మా చెల్లి కాలంలో ఆ మాత్రం ఉన్నా ఆ గీత దగ్గర ఆగిపోయేది కాదు. ఈ హక్కు ప్రతి రాష్ట్రంలో ఉండాలని అడగటం మన పని.

విద్యార్థులకి, కార్యకర్తలకి నేను చెప్పేది పెద్ద సిద్ధాంతం కాదు. మీ జిల్లాలో శిశుగృహ ఎక్కడుందో, బాలల సంక్షేమ కమిటీ ఏ రోజుల్లో కూచుంటదో తెలుసుకోండి. హాస్టళ్ళలో సెలవులకి ఇంటికి పోని పిల్లల లెక్క తియ్యండి. వాళ్ళ కాగితాలు ఎన్నాళ్ళుగా కదలట్లేదో అర్జీ పెట్టి అడగండి. కన్నతల్లి ఉన్నచోట తల్లికి బియ్యం కార్డు, పింఛను ఇప్పించండి. ఎవరూ లేరని తేలినచోట ఆ బిడ్డకి ఇల్లు దొరికేదాకా వెంటపడండి. అంబేద్కర్ జయంతి సభలో ఒక గంట ఈ సంగతికి ఇవ్వండి. ఆయన పెళ్ళి పక్కన పెట్టిన రెండో మాటని మళ్ళీ బయటికి తియ్యండి.

ఆ సభలో ఎవరో ఒకరు లేచి, 'బాగానే ఉంది గానీ, ఆ పిల్లలు ఎవరి పిల్లలో?' అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. అప్పుడు తల దించుకోకండి. జవాబు చెప్పాల్సింది బిడ్డ కాదు. ఉప్పెనకి, కరువుకి, కులానికి ఆ తల్లిదండ్రుల్ని వదిలేసిన ఊరు చెప్పాలి. ఊరు చెప్పేదాకా బిడ్డ ఆకలితో ఆగదు, ఆగకూడదు. ముందు బిడ్డని ఒక ఇంట్లోకి రానివ్వండి. ప్రశ్న అడిగినవాడితో గుమ్మం బయట నిలబడి మనం మాట్లాడదాం.